తరళ చెవికెక్కని ఉపదేశం

పూర్వం కృతయుగం చివరి పాదంలో, వేత్రవతీ నదీతీరాన ఉదీర్ణుడనే మహర్షి ఉండేవాడు. సకలశాస్త్రపారంగతుడైన ఆ మునిపుంగవుడు నోరు విప్పితే వాక్యం వెంట వాక్యం వర్షధారలా సాగేది. ధర్మసేతువనే మహారాజు రాజ్యభారం మంత్రులకు అప్పగించి వచ్చి, మాసాల తరబడి ఆయన పాదసన్నిధిని కూర్చుని వినేవాడు. అంతటివాని మాట వినని ప్రాణి ఆ ఆశ్రమంలో ఒక్కటే ఉండేది. ఆమె ఆయన ఏకైక పుత్రిక, ఆరేండ్ల తరళ.

సమిధలు తెమ్మని చెప్పవలసిన చోట మహర్షి అగ్నిదేవుని జన్మవృత్తాంతంతో మొదలుపెట్టి, యజ్ఞమహిమను వర్ణించి, సోమరులకు కలిగే దుర్గతులను ఏకరువు పెట్టి, చిట్టచివరికి సమిధల ఊసుకు వచ్చేవాడు. అప్పటికి ఆ బాలిక చూపు చీమల బారు వెంట ఎంతో దూరం పోయి ఉండేది. "సరే నాన్నగారూ" అని తల ఊపి ఆడుకోవడానికి వెళ్లిపోయేది. సమిధలు రాక అగ్నిహోత్రం ఆలస్యమైన ప్రతిసారీ ఉపదేశం మరికొంత పెరిగేది.

ఒకనాటి మధ్యాహ్నం తరళ నదిమధ్యనున్న ఇసుకదిబ్బమీద ఆడుకుంటూ ఉండగా, ఎగువ కొండలలో కురిసిన వానకు వేత్రవతి ఎర్రబారి హోరుమంటూ రాసాగింది. గట్టుమీదినుండి చూచిన మహర్షి గుండె గుభేలుమంది. అయినా అలవాటైన నోరు అలవాటైన దారినే పట్టింది.

"వత్సే తరళా! నదులు స్వభావతః చంచలములు. వర్షర్తువునందు వాటిని విశ్వసించినవారు..." అని ఆయన ఎలుగెత్తి చెబుతూనే ఉన్నాడు, పిల్ల తల ఎత్తలేదు.

ఇంతలో పర్ణశాలనుండి పరుగెత్తుకొచ్చిన ఋషిపత్ని శుచివ్రత, "తరళా! రా!" అని కేకవేసింది. తరళ చివ్వున లేచి, మోకాటిలోతు నీటిలో పడుతూ లేస్తూ వచ్చి తల్లి నడుమును చుట్టేసుకుంది. వెనుదిరిగి చూస్తే ఇసుకదిబ్బ లేదు.

కూతురి తల నిమురుతూ, "నేను పిలిస్తే ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు మహర్షి.

"మీరు పిలిచారా నాన్నగారూ? ఏదో చెబుతున్నారనుకున్నాను" అంది తరళ.

ఆ మాట ములుకులా నాటుకోగా, మహర్షి మూడు దినాలు నిరాహారుడై వాగ్దేవిని ధ్యానించాడు. శ్వేతపద్మాసన, వీణాపాణి అయిన ఆ తల్లి ప్రత్యక్షమై వరం కోరుకొమ్మనగా, "జగజ్జననీ! నా బిడ్డకు వినే చెవులు ప్రసాదించు" అని అంజలి ఘటించాడు.

"మునీ, తల్లి కేక విన్న చెవులకు లోపమేమిటి?" అంది వాగ్దేవి. "రేపు సూర్యోదయం మొదలు సూర్యాస్తమయం వరకు నీ బిడ్డ చెంత మౌనంగా గడుపు. ఆ పిమ్మట కోరుకో."

మరునాడు మహర్షి కూతురి పక్కన నేలమీద కూర్చున్నాడు. మొదట ఆమె బిడియపడింది. పొద్దెక్కేకొద్దీ మాట్లాడసాగింది. తూర్పు తోపులో సమిధలు ఏరుతుంటే కందిరీగలు కుట్టాయని, రెండుసార్లు చెప్పబోతే ఆయన సోమరితనాన్ని గురించి మొదలుపెట్టాడని, అందుకే ఇక చెప్పలేదని అంటూ, చేయి చాచి మచ్చలు చూపింది. ఉదీర్ణునికి చెప్పవలసినదెంతో గొంతుదాకా వచ్చింది. దిగమింగుకుని, ఆ చిన్ని చేతిని తన కళ్లకు ఆనించుకున్నాడు. తరళ ఆయన ఒడిలోకి జరిగి, పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది.

సూర్యుడస్తమించగానే వాగ్దేవి మరల సాక్షాత్కరించింది.

"తల్లీ, నా బిడ్డకు చెవులున్నవి. లేనివాడను నేనే. ఆమెతో ఎంత అవసరమో అంతే పలికి, ఆగి వినే నేర్పును నాకు దయచేయి" అన్నాడు మహర్షి.

"తథాస్తు" అని దేవి అంతర్హితురాలైంది.

నాటినుండి మహర్షి కూతురి ఎత్తుకు వంగి, ఆమె కళ్లలోకి చూచి, "పడమటి తోపులో సమిధలు, అమ్మా" అని మాత్రమే అనేవాడు. తరళ వెళ్లి తెచ్చేది. అగ్నిహోత్రం వేళకు సాగింది. దేవతలు తమ హవిర్భాగాలను సకాలంలో అందుకుని సంతుష్టులయ్యారు. ఈ వృత్తాంతాన్ని శ్రద్ధతో ఆలకించిన ఇంట తల్లిదండ్రుల పిలుపు బిడ్డలకు మొదటిసారికే వినబడుతుంది, బిడ్డల మాట తల్లిదండ్రులకు చివరిదాకా వినబడుతుంది.