చూడకుండా నీళ్ళు పోసిన మాణిక్యమ్మ

అనగనగా ఒక ఊరు. ఊరంటే మామూలు ఊరు కాదు అమ్మడూ, ఎండాకాలం వచ్చిందంటే అది పొయ్యి మీద పెట్టిన పెనమే. ఆ ఊళ్ళో కాకులు నేల మీద వాలేవి కావు, కాళ్ళు అట్టుల్లా మాడిపోతాయని. గొడుగులు తమకి ఇంకో గొడుగు పట్టమని ఏడ్చేవి. బావిలో కప్పలు తలెత్తి, "తువ్వాలుంటే ఒకటి పడెయ్యండమ్మా, చెమట తుడుచుకుంటాం" అని అడిగేవి.

ఆ ఊరి చివరి వీధిలో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ముందూ వెనకా ఎవరూ లేరు. అడ్డాకులు తెచ్చుకుని, విస్తళ్ళు కుట్టుకుని బతికేది. మనిషి మంచిది, మాట మెత్తన. అయినా ఆ వీధిలో ఆవిడతో మాట్లాడేవాళ్ళు లేరు. ఎందుకంటావా? ఆవిడ కళ్ళు మంచివి కావట!

ఎప్పుడో ఒకనాడు పక్కింటి నాంచారమ్మ పెరట్లో పొట్లకాయ చూసి, "అబ్బ, ఎంత బాగుంది వదినా!" అంది. అంతే. సాయంత్రానికి ఆ కాయ తెగి కింద పడింది. దాన్ని లాగింది మేక. మేక మూతికి ఆకు ముక్క అంటుకునే ఉంది. కానీ మేకని అడిగేదెవరు?

ఆ తర్వాత ఎదురింటివాళ్ళ కరివేపాకు మొక్క ఎండిపోయింది. అదీ మాణిక్యమ్మ కళ్ళే అన్నారు. ఆ తర్వాత మూలింటివాళ్ళ గేదె పాలు పితకబోతే తన్నింది. అదీ ఆవిడ కళ్ళే అన్నారు. ఆ గేదె పుట్టినప్పటి నుంచీ తన్నేదే! వాళ్ళమ్మని తన్ని మరీ బయటికొచ్చింది!

అప్పటి నుంచీ మాణిక్యమ్మ గడప దాటితే చాలు, వీధంతా టకటకా చప్పుడు. వంగమొక్క మీద గంప బోర్లించేవాళ్ళు. టమాటా మీద బకెట్టు బోర్లించేవాళ్ళు. బొప్పాయి చెట్టుకైతే ఏకంగా దుప్పటి కప్పి, "దానికి చలేస్తోందిలే" అనేవాళ్ళు. ఆ ఎండలో!

వినగా వినగా మాణిక్యమ్మకే అనుమానం పట్టుకుంది. నిజంగానే నా కళ్ళు అలాంటివేమో అనుకుంది. అందుకని తన పెరట్లో ఒక్క మొక్క కూడా వేసుకోలేదు. వేశాక అది చచ్చిపోతే? అప్పుడు వీధంతా అన్నది నిజమైపోదూ? నిజమో అబద్ధమో తెలియకుండా ఉండటమే నయమనుకుంది. పొద్దున్నే లేచి ఉత్త మట్టిని ఊడ్చేది. అద్దంలో చూసుకుని బొట్టు పెట్టుకోవాలన్నా భయమే, తన దిష్టి తనకే తగులుతుందేమోనని.

ఇలా ఉండగా ఆ ఏడు ఎండాకాలం నాంచారమ్మకి కబురొచ్చింది. వాళ్ళ చెల్లెలు మామిడికాయ కోసం చెట్టెక్కి, కాయతో పాటు తనూ కింద పడి కాలు విరగ్గొట్టుకుందట. వెళ్ళి కొన్నాళ్ళు చేసిపెట్టాలి. వెళ్తే పెరడేం కావాలి? బీర, సొర, వంగ, బెండ, టమాటా, చిక్కుడు, తోటకూర, అన్నీ అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి. రెండు పూటలా నీళ్ళు పడకపోతే వడియాల్లా ఎండిపోతాయి.

నాంచారమ్మ ముందు ఎదురింటికి వెళ్ళింది. "మీ మొక్కలకి పోస్తే మా నోట్లో ఏం పోసుకుంటాం?" అన్నారు. అప్పుడు మూలింటికి వెళ్ళింది. "నా నడుము పట్టేసింది నాంచారమ్మా" అని ఇల్లాలు మంచం మీద వాలిపోయింది. చెల్లెలికి కాలు విరిగితే వీళ్ళకి నడుములు పట్టేశాయన్నమాట! ఆ తర్వాత ఇంకో ఇంటికి వెళ్తే తలుపే తియ్యలేదు.

అప్పుడిక దిక్కులేక మాణిక్యమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"మాణిక్యం వదినా, నేను ఊరెళ్తున్నా. మా మొక్కలకి నీళ్ళు పోస్తావా?"

మాణిక్యమ్మ చేతిలో విస్తరాకు జారిపోయింది. "పోస్తాను వదినా. ఎందుకు పొయ్యను?"

నాంచారమ్మ కాలి బొటనవేలితో నేల మీద రాసింది. చెంగు మెలిపెట్టింది. "కాకపోతే... వాటిని చూడకు."

"చూడకుండా ఎలా పొయ్యను?"

"ఏమో వదినా, నాకు తెలీదు. చూడనని మాటివ్వు."

ఇంకొకరైతే పక్కనున్న బిందె తీసి నాంచారమ్మ నెత్తిన బోర్లించేవాళ్ళు. మాణిక్యమ్మ మాత్రం మాటిచ్చింది. ఎన్నో ఏళ్ళకి ఒక మనిషి తన గుమ్మం దాకా వచ్చి వదినా అని పిలిచింది. ఆ పిలుపు ముందు మిగతా మాటలు ఆవిడకి సరిగ్గా వినపడనే లేదు.

మర్నాడు ఎండెక్కక ముందే మాణిక్యమ్మ పాత చీర చెంగు చింపి కళ్ళకి గట్టిగా గంత కట్టుకుంది. బిందె చంకన పెట్టుకుని, గోడ తడుముకుంటూ నాంచారమ్మ పెరట్లోకి వెళ్ళింది.

మొదటి బిందె పిల్లి మీద పోసింది. పిల్లి అరుచుకుంటూ పక్క జిల్లాకి వెళ్ళిపోయి, అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడింది. రెండో బిందె రుబ్బురోట్లో పోసింది. మూడో బిందె తన కాళ్ళ మీదే పోసుకుంది. "బాగుంది, నేనే మొలకెత్తుతా ఇక" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు గోడకి తగిలి వెనక్కొచ్చింది. వినేవాళ్ళెవరూ లేరు కదా మరి.

ఆ తర్వాత చేతులకి దారి తెలిసింది. గరుగ్గా తగిలితే బీరాకు. మెత్తగా, కుక్కపిల్ల చెవిలా తగిలితే సొరాకు. దురద పుట్టిస్తే బెండ. వేలికి గుచ్చుకుంటే వంగ. టమాటానైతే ముట్టుకోనక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు, వాసనే పలకరిస్తుంది. వేలు మట్టిలో గుచ్చి, లోపల చెమ్మ ఉందో లేదో చూసేది. ఎండిన ఆకులు తెచ్చి మొదళ్ళ చుట్టూ కప్పేది, నేల కాలకుండా.

కష్టాలు లేవనుకున్నావా? ఒకరోజు చిక్కుడు కొసలు చేతికి జిగటగా తగిలాయి. పేనుబంక పట్టింది. పొయ్యిలో బూడిద తెచ్చి జల్లింది. ఇంకోరోజు వంగ లోపల పురుగు తొలిచింది. వేపాకు నానబెట్టిన నీళ్ళు చిలకరించింది. ఆ పురుగులు ఎంత లావున్నాయంటే, తీసి గోడవతల పారేస్తే, దొంగలు పడ్డారని వీధి కుక్కలు మొరిగాయి.

అన్నిటికంటే పెద్ద కష్టం సొర తీగది. పూలు పూస్తున్నాయి, రాలిపోతున్నాయి. పిందె నిలవటం లేదు. ఆ ఎండకి పురుగూ పుట్రా ఎటు పోయాయో, పూల చుట్టూ రెక్కల చప్పుడే లేదు. మాణిక్యమ్మ పందిరి కింద నిలబడి ఒక్కొక్క పువ్వునీ తడిమి చూసింది. కొన్ని పూలకి వెనక ఉత్త కాడ. కొన్నిటికి వెనక చిటికెన వేలంత బుల్లి పిందె. రెండూ ఒకే తీగ మీద ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి ఎరగవు.

"అయ్యో, మీరూ నాలాగే ఉన్నారే" అంది.

సాయంత్రం పూలు విప్పుకునే వేళకి, ఉత్త కాడ పువ్వు కోసి, పిందె ఉన్న పువ్వుకి మెల్లిగా అద్దింది. మూడు పూలకి అలా పెళ్ళి చేసింది. బాజాల్లేవు, భోజనాల్లేవు. పెళ్ళిపెద్ద ఒక్కతే, అదీ కళ్ళకి గంతలతో!

మొదటి పిందె రాలిపోయింది. రెండోది ముడుచుకుపోయింది. మూడోది నిలబడింది.

ఇక చూడు మాణిక్యమ్మ సంబరం! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని చేత్తో కొలిచేది. బొటనవేలంత అయింది. మణికట్టంత అయింది. ఆ తర్వాత రెండు చేతుల్లోనూ పట్టుకుంటే, పసిబిడ్డని ఎత్తుకున్నట్టే ఉండేది. దాంతోనే కబుర్లు చెప్పేది. ఇవాళ ఎన్ని విస్తళ్ళు కుట్టిందో, కూరలో ఉప్పు ఎక్కువైందో, అన్నీ చెప్పేది. సొరకాయ శ్రద్ధగా వినేది. ఎదురు మాట్లాడేది కాదు.

కానీ ఒక్కసారి చూడాలని ఎంత అనిపించేదో! గంత కింద కళ్ళు తహతహలాడిపోయేవి. వేలు ముడి దాకా వెళ్ళేది, వెనక్కొచ్చేది. ఇచ్చిన మాట ఒకటి. దాని వెనక ఇంకో పెద్ద భయం. చూశాక ఇదీ రాలిపోతే, ఇక నా కళ్ళ సంగతి తేలిపోయినట్టే కదా. ఆ తర్వాత ఎలా బతకను?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. అలాంటిలాంటి గాలి కాదు. మూలింటి గేదె ఎదురింటి అరుగు మీద తేలింది. ఎదురింటి బొప్పాయి దుప్పటి ఎగిరి, ఎగిరి, మబ్బులకి పక్కదుప్పటి అయింది.

మాణిక్యమ్మ గంత కట్టుకునే పరుగెత్తింది. పందిరి ఒక పక్కకి ఒరిగిపోయింది. తీగలన్నీ చిక్కుపడ్డాయి. తడుముతుంటే చేతికి సొరకాయ తగిలింది. దాని కాడ సగం చీలి వేలాడుతోంది. ఇంకో గాలి వస్తే తెగిపోతుంది. ఏ తీగ తీసి ఎటు కట్టాలో చేతులకి తెలియటం లేదు. ఒకటి లాగితే ఇంకోటి పటుక్కుమంటోంది.

చూడకపోతే కాయ పోతుంది. చూస్తే మాట పోతుంది. చూశాక కాయ కూడా పోతే?

మాణిక్యమ్మ గంత విప్పేసింది.

అమ్మడూ, అంత పచ్చదనం ఆవిడ ఎన్నాళ్ళకి చూసిందో! పందిరి నిండా తెల్లటి సొరపూలు. చీర కుచ్చిళ్ళలా బీర తీగలు. వాటి మధ్య ఆ సొరకాయ, లేతాకుపచ్చగా, ఒళ్ళంతా నూగుతో, స్నానం చేయించిన బిడ్డలా నిగనిగలాడుతూ. మాణిక్యమ్మ ఒక్క క్షణం మాత్రమే చూసి, కళ్ళకి కట్టుకున్న గుడ్డనే ఉట్టిలా చేసి, కాయని అందులో కూర్చోబెట్టి, పందిరి కర్రకి గట్టిగా కట్టింది. చీలిన కాడకి మట్టి మెత్తి నారతో చుట్టింది.

గాలి తగ్గాక అక్కడే చతికిలబడి చూస్తూ కూర్చుంది. రెప్ప వెయ్యకుండా చూసింది. రాలిపోయేదుంటే ఇప్పుడే రాలు, నా ముందే రాలు అన్నట్టు చూసింది. ఆ చూపుకి దిష్టి గుమ్మడికాయకే దిష్టి తగలాలి!

తెల్లవారి వెళ్ళి చూస్తే కాయ ఉంది. ఆ మర్నాడూ ఉంది. పైగా నాటుపడవంత పెరిగింది. అప్పుడు మాణిక్యమ్మ ఏడ్చింది. ఆ కన్నీళ్ళకి తోటంతా తడిసిపోయేదే కానీ, ఉప్పు నీళ్ళు తోటకూరకి పనికిరావని బావి నీళ్ళే పోసింది. ఆ తర్వాత రోజూ కళ్ళు తెరుచుకునే వెళ్ళింది. ఆకు ఆకునీ చూసింది.

కొన్నాళ్ళకి నాంచారమ్మ తిరిగొచ్చింది. పెరడు చూసి నోరు తెరిచింది. గుమ్మంలో నిలబడ్డ మాణిక్యమ్మని చూసి, "చూశావా వదినా! నువ్వు చూడకపోబట్టే ఇంత బాగా కాసింది!" అంది.

మాణిక్యమ్మ అవునని ఊరుకుంటే పోయేది. నాంచారమ్మ సంతోషించేది, వచ్చే ఎండాకాలం మళ్ళీ పిలిచేది. కానీ మాణిక్యమ్మకి ఆ మాట మింగుడుపడలేదు.

"చూశాను వదినా. గాలిదుమారం రోజున మాట తప్పాను. అప్పటి నుంచీ రోజూ చూశాను. కడుపునిండా చూశాను."

నాంచారమ్మ మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి ఆ పెరట్లోంచి టకటకా గంపలు బోర్లించిన చప్పుడు వినపడింది.

ఆ చప్పుడు వింటూ మాణిక్యమ్మ ఒక్కతే అన్నం తింది. సొరకాయతో చెప్పుకునే కబుర్లు కూడా ఇక లేవు. ఇల్లు మునుపటికంటే పెద్దదైపోయినట్టనిపించింది. ఆ మూల నుంచి ఈ మూలకి వెళ్ళాలంటే బండి కట్టుకోవాలన్నంత పెద్దది.

కానీ ఒకటి. ఆవిడకి తన కళ్ళ సంగతి తెలిసిపోయింది కదా! మర్నాడు ఉత్త మట్టిని ఊడవటం మానేసి, గుల్లగా తవ్వింది. బెండ గింజలు నాటింది. మొలక రాగానే దాని ముందు కూర్చుని చూసింది. ఎంత కావాలంటే అంత చూసింది. అద్దంలో కూడా చూసుకుని, ఇంత పెద్ద బొట్టు పెట్టుకుంది.

అక్కడ నాంచారమ్మ పెరట్లో ఏమైందనుకున్నావు? గంపల కింద మొక్కలన్నీ ఎండా గాలీ లేక తెల్లగా పాలిపోయాయి. సొర పందిరికి సరిపడా గంప ఎక్కడుంది? అది మాత్రం బయటే ఉంది. మాణిక్యమ్మ అంతలా చూసిన ఆ తీగ మాత్రం ఇంటి కప్పు దాకా పాకింది. నాంచారమ్మ రోజూ గంపల వంక చూసేది, పందిరి వంక చూసేది. మూడు సార్లు మాణిక్యమ్మ గుమ్మం దాకా వచ్చి, మూడు సార్లూ వెనక్కి పోయింది. తప్పు ఒప్పుకోవటానికి ఎంత దూరం నడవాలో నీకు తెలియదులే, కాశీ కంటే ఎక్కువే.

ఆఖరికి ఒక సాయంత్రం వీధి మధ్యలో నిలబడి, అందరూ అరుగుల మీద ఉండగానే పిలిచింది.

"మాణిక్యం వదినా! సొరకి పిందె పడింది. చూద్దువు గాని రా!"

వీధంతా ఊపిరి బిగబట్టింది. మాణిక్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాంచారమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, ఆకు పక్కకి తొలగించి, "అదిగో" అని చూపించింది. పిందెకి వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని నాంచారమ్మకి ఇంకా భయమే. అందుకని వేలు మాత్రం మడిచి చూపించింది.

మాణిక్యమ్మ చూసింది. ఎంతసేపు చూసిందంటావా? ఇంట్లో పొయ్యి మీద పెట్టిన అన్నం మాడింది, మాడి బొగ్గయింది. అంతసేపూ నాంచారమ్మ ఆకుని అలాగే పట్టుకుని నిలబడింది.

కథ వెళ్ళింది కంచికి,
తీగ పాకింది పంచకి,
నీళ్ళు దిగాయి వేళ్ళకి,
నిద్ర దిగింది కళ్ళకి.