పసుపు పూసిన ఇరుసు

అనగనగా ఒక రాజ్యం. అది ఎక్కడుందని అడక్కండి, నేను చెప్పను. చెబితే మీరు వెళ్ళి వెతుకుతారు, దొరక్కపోతే నన్ను అబద్ధాలకోరు అంటారు. నా జాగ్రత్త నాది. మీరు ఊ కొట్టండి, చాలు.

ఆ రాజ్యంలో సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళు ఉండేవి. ఆ మళ్ళలో ఉప్పు పండించుకుని బతికేది నూకాలు. అసలు పేరు నూకాలే గానీ, ఊరంతా ఆమెను 'అనుమానాల నూకాలు' అనేది. కుండ కొంటే నాలుగు వైపులా తట్టి చూసేది. నూనె కొంటే కొలపాత్ర అడుగున సొట్ట ఉందేమోనని వేలితో తడిమేది. గుళ్ళో ప్రసాదం పెట్టినా ముందు వాసన చూసి, ఆ తర్వాతే కళ్ళకద్దుకునేది.

"ఇంత అనుమానమైతే తిన్న అన్నం ఎలా అరుగుతుందే నీకు?" అని ఇరుగుపొరుగు నవ్వేవారు.

"రాయి ఉందో లేదో చూసుకుని తింటాను గనుక బాగానే అరుగుతోంది" అనేది నూకాలు.

ఆమె భర్త సింహాద్రి. ఏటా ఉప్పు కావడిలో మోసుకెళ్ళి కొండ కింది నగరంలో అమ్ముకొచ్చేవాడు. ఆ ఏడు పాపం మోకాలు పట్టేసింది. కావడి మూలపడింది. ఉప్పు కుప్ప మాత్రం ఎన్నడూ లేనంత పెరిగి కూర్చుంది. అప్పటికే రోహిణి కార్తె వచ్చేసింది. దాని వెనకే మృగశిర, మృగశిరతో వాన. వాన పడిందా, ఆ కుప్ప కరిగి మళ్ళీ సముద్రంలోకే పోతుంది. ఏడాది గంజి అంతా ఆ కుప్పలోనే ఉంది మరి.

"బండి కొందాం" అంది నూకాలు. కొత్త బండి కొనే తాహతు ఎక్కడిది? కాళ్ళకున్న వెండి కడియాలు తీసి కొంగున ముడేసుకుంది. ఇంట్లో ఉన్న ఒక్క కర్రెద్దునూ తోలుకుని నగరానికి బయల్దేరింది. ఆ కాలంలో ఎద్దులు మాట్లాడేవి. ఇప్పుడు మానేశాయి. చెప్పినా వినేవాళ్ళు లేరని వాటికి విసుగొచ్చింది.

నగరంలో పాత బండ్లు అమ్మేవాడు శుభలింగం. నుదుట విభూతి, మెడలో రుద్రాక్షలు, నోట ఎప్పుడూ ఒకటే మాట: "శుభం!" ధర ఎంతయ్యా అంటే శుభం. బండి గట్టిదేనా అంటే శుభం.

"ఒట్టు తల్లీ, నా బండ్లలో మచ్చుకైనా లోపం ఉండదు. నా పిల్లల మీద ఒట్టు!" అన్నాడు, ఆమె ఇంకా ఏమీ అడగకముందే.

పిల్లలూ, అడక్కుండానే ఎవడైనా ఒట్టు పెడితే ముందు మీ కొంగుముడి చూసుకోండి. నూకాలు చూసుకుంది.

ఒంటెద్దు బండి ఒకటి బేరానికి పెట్టాడు. నూకాలు చక్రాలు తిప్పి చూసింది. కాడి ఎత్తి చూసింది. నొగలు వంచి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక కిందికి వంగింది, ఇరుసు చూద్దామని.

ఇరుసు కనిపించలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు. గడపకు కూడా ఎవరూ అంత మందంగా పూయరు. మధ్యలో కుంకుమ బొట్లు, పైన బంతిపూల దండ.

వేలితో గోకబోయింది. శుభలింగం పాము కరిచినట్టు గెంతి ఆమె చేయి పట్టుకున్నాడు.

"అయ్యో అయ్యో! ఆగు తల్లీ! శుభమా అని బండి కొనుక్కుంటూ పసుపు చెరుపుతావా? ఆడకూతురివి, పసుపు విలువ నీకు నేను చెప్పాలా? నా చేతులతో పూజ చేసిన బండి. పసుపు రాలితే ఇంటికి అరిష్టం!"

నూకాలు చేయి దానంతటదే వెనక్కి వచ్చింది. ప్రసాదాన్ని వాసన చూసిన మనిషి, ఆ పసుపును మాత్రం కళ్ళకద్దుకుంది! ఎంత అనుమానపు పక్షి అయినా పసుపు ముందు రెక్కలు ముడిచేసింది.

కర్రెద్దు మాత్రం ఆమె చెవి దగ్గర మూతి పెట్టి గొణిగింది. "అమ్మీ, పెరట్లో ఆయన సొంత బండి ఉంది చూశావా? దాని ఇరుసుకు కందెన నల్లగా నిగనిగలాడుతోంది గానీ, చిటికెడు పసుపు లేదు. నాకెందుకో తేడాగా ఉంది."

"నోర్ముయ్. దేవుడి విషయంలో తేడాలేంటి?" అంది నూకాలు. కడియాలు ఇచ్చేసి బండి తోలుకొచ్చింది.

మొదటి బండెడు ఉప్పు వేసుకుని బయల్దేరిన రోజే చక్రానికి ఉన్న ఇనుప పట్టా జారిపోయింది. ఉప్పు అమ్ముకుని, నూకాలు నేరుగా శుభలింగం దగ్గరికి వెళ్ళింది.

"ఓస్, ఇంతేనా! ఎండకు కర్ర ఎండింది తల్లీ. చక్రం నీళ్ళలో నానబెట్టు, పట్టా బిగుస్తుంది. శుభం!" అన్నాడు.

అది నిజమే, నానబెడితే బిగిసింది. నిజం కాస్త కలిపి చెప్పే అబద్ధాన్ని పట్టుకోవడం భలే కష్టం సుమండీ.

రెండోసారి వెళ్ళినప్పుడు దారి పొడుగునా ఇరుసు మూలిగింది. బండి ఎడమకు ఒరిగి ఒరిగి నడిచింది. నూకాలు మళ్ళీ అంగడి మెట్లెక్కింది. ఈసారి శుభలింగం బండి వైపు చూడనైనా చూడలేదు. ఎద్దును చూసి పెదవి విరిచాడు.

"నీ ఎద్దు నడకే వంకర తల్లీ. నా బండేం చేస్తుంది?"

కర్రెద్దుకు ఒళ్ళు మండింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది! ఏడేళ్ళు అరక దున్నాను, ఒక్క చాలు వంకర పోలేదు. ఈయన బండి కట్టగానే నా నడక వంకరైపోయిందా?"

శుభలింగం వినబడనట్టు అగరుబత్తి వెలిగించుకున్నాడు. నూకాలు ఎద్దును తోలుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

మూడోసారి బండి నిండా ఉప్పు వేసుకుని ఏటిగట్టు ఎక్కుతున్నారు. ఫెళ్ళుమని చప్పుడు! ఇరుసు రెండు ముక్కలైంది. చక్రాలు చెరో దిక్కూ పోయాయి. ఉప్పంతా ఏటి బురదలో పడింది. ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. దక్షిణాన అప్పుడే ఒక మబ్బు తల ఎత్తింది.

నూకాలు బురదలో కూర్చుని ఏడ్చింది. దోసిళ్ళతో ఎత్తబోతే ఉప్పు వేళ్ళ సందుల్లోంచి నీరై కారిపోయింది. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, విరిగిన ఇరుసు ముక్కలు చేతిలోకి తీసుకుంది. విరిగిన చోట చూసింది. మళ్ళీ చూసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ ముక్కల్ని గోనెలో భద్రంగా చుట్టి చంకన పెట్టుకుంది. ఏం చూసిందో ఇప్పుడే చెప్పను. మీరు నిద్రపోకుండా ఉండాలి కదా.

నేరుగా అంగడికి వెళితే, శుభలింగం ఈసారి శుభం అనలేదు. "అమ్మాక బండి నీది, కడియాలు నావి. పూజ చేసి పంపిన బండి వెనక్కి తీసుకుంటే నా ఇంటి లక్ష్మి వెళ్ళిపోతుంది. వెళ్ళు వెళ్ళు!" అని తలుపేసుకున్నాడు.

ఇంటికొచ్చాక సింహాద్రి ఆమె చేయి పట్టుకున్నాడు. "పోనీలే నూకాలూ. మన కర్మ ఇంతే అనుకుందాం."

"కర్మ కాదు మావా, ఇరుసు" అంది నూకాలు. తెల్లారేసరికి గోనె చంకన పెట్టుకుని, కర్రెద్దును తోలుకుని రాజుగారి కొలువుకు బయల్దేరింది.

ఆ రాజు ఎవరి మాటా అంత తొందరగా నమ్మేవాడు కాదు. కన్నీళ్ళు పెట్టుకుంటే ఉల్లిపాయ ఎక్కడుందని వెతికేవాడు. శుభలింగాన్ని పిలిపించి ఇద్దరి మాటలూ విన్నాడు, మీసం దువ్వుకున్నాడు.

"కుండ కొంటేనే తట్టి చూస్తారే! బండి కొంటూ ఇరుసు చూసుకోవద్దా?" అన్నాడు.

"అందులోనూ ఈవిడ అనుమానాల నూకాలు ప్రభూ!" అన్నాడు శుభలింగం చేతులు కట్టుకుని. "దేవుడి ప్రసాదాన్నే వాసన చూసే మనిషి. అన్నీ చూసుకునే కొంది. నేను ఇచ్చినప్పుడు ఆ ఇరుసు వజ్రం. రోహిణి ఎండకు రోళ్ళే పగులుతాయంటారు, ఇరుసు పగలదా? ఎండ చేసిన తప్పుకు నేనా పూచీ?"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు తల ఊపాడు. బయట ఉరిమింది కూడా.

"ప్రభూ, ఈయన్ని మూడు మాటలు అడగనివ్వండి. ఆ తర్వాత మీరు ఏ తీర్పు చెప్పినా మెడ వంచుతాను" అంది.

"అడుగు."

"అయ్యా, ఆ ఇరుసుకు పసుపు పూసింది ఎవరు?"

"ఇంకెవరు? నేనే! స్నానం చేసి, మడి కట్టుకుని, నా చేతులతో పూశాను" అన్నాడు శుభలింగం గొప్పగా.

"మీరు పూశాక ఇంకెవరైనా ముట్టుకున్నారా?"

"ఎంత మాట! నిన్నే ముట్టుకోనివ్వలేదు కదా. నేను పూసిన పసుపును ముట్టుకునే ధైర్యం ఎవరికుంది?"

"పసుపు పూసిన రోజున ఇరుసుకు పగులుందా?"

"వెంట్రుకంత కూడా లేదు. నా పిల్లల మీద ఒట్టు!"

నూకాలు గోనె విప్పింది. రెండు ముక్కలూ రాజు ముందు పెట్టింది. విరిగిన చోట సగం తెల్లగా ఉంది, అప్పుడే చీల్చిన కర్రలా. మిగతా సగం లోపలిదాకా పచ్చగా ఉంది. ఎండి గట్టిపడిన పసుపు, నడుమ కుంకుమ.

"పగులే లేకపోతే, మీ చేతి పసుపు కర్ర కడుపులోకి ఎలా వెళ్ళిందయ్యా?"

రాజు సింహాసనం దిగి వచ్చి ఆ పచ్చదనాన్ని గోటితో గీకి చూశాడు. పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.

"ఇది... ఇది ఈవిడే ఇంటికెళ్ళి కూరి ఉంటుంది ప్రభూ!" అన్నాడు శుభలింగం.

"ఎవరూ ముట్టలేదని ఇప్పుడే కదయ్యా చెప్పావు?" అన్నాడు రాజు. "అయినా నాకు నీ మాట మీదా నమ్మకం లేదు, ఆమె మాట మీదా లేదు. నీ అంగట్లో ఉన్న బండ్లన్నీ ఇక్కడికి తెప్పిస్తాను. బిందెలతో నీళ్ళు పోసి ఇరుసులు కడిగిస్తాను."

"అరిష్టం ప్రభూ, అరిష్టం!"

"ఆ సంగతి కడిగాక తేలుతుంది, ఎవరికో."

కడిగారు. కొలువు వాకిలి అంతా పచ్చటి నీళ్ళు పారాయి. మూడు బండ్లు తెస్తే, మూడింటి ఇరుసులకూ పగుళ్ళే. ఒకదాంట్లో బొటనవేలు పట్టేంత సందు.

"నూకాలూ, నాకు ఒక్కటే అర్థం కావడం లేదు" అన్నాడు రాజు. "అన్నిటినీ అనుమానించే దానివి, దీన్నెందుకు వదిలేశావు?"

"పసుపు చూస్తే చేతులు జోడించడం మా అమ్మ నేర్పింది ప్రభూ. మా అమ్మ తప్పు నేర్పలేదు. జోడించిన ఆ చేతులకే ఈయన తాడు వేశాడు. కొనేవాళ్ళకు కళ్ళుండాలి అన్నారు, నిజమే. మరి అమ్మేవాళ్ళకు నోరుండక్కర్లేదా? పగులుందని ఒక్క మాట చెబితే ఏం పోయింది?" అంది నూకాలు. "నా ఉప్పు ఏట్లో కలిసిపోయింది ప్రభూ."

రాజుకు ఆ మాట తగిలింది. కొలువులో నిలబడే చాటింపు వేయించాడు. "నేటి నుంచి నా రాజ్యంలో సరుకు అమ్మేవాడే దాని లోపం చెప్పాలి. కొన్న కొత్తలో బయటపడిన లోపం అమ్మినవాడిదే. కాదంటే, అమ్మిన రోజున అది లేదని వాడే రుజువు చూపాలి. బాగు చేసి ఇవ్వాలి, కుదరకపోతే మంచి సరుకు ఇవ్వాలి, అదీ చేతకాకపోతే పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి. దాటవేసే మాటలు చెల్లవు."

తర్వాత శుభలింగం వైపు తిరిగాడు. "ఏట్లో పోయిన ఉప్పుకు నువ్వే పూచీ. ఇక బండి సంగతి. నీ దగ్గర మంచి బండి ఒక్కటైనా ఉందా?"

శుభలింగం నోరు తెరిచేలోపే జవాబు చెప్పింది కర్రెద్దు. "ఉంది ప్రభూ. ఆయన పెరట్లో. పసుపు లేనిది."

ఆ బండే నూకాలుకు ఇప్పించాడు రాజు. ఆమె వెంటనే ఎక్కిందనుకున్నారా? అబ్బే! రాజుగారు ఇచ్చిన బండని కూడా చూడకుండా కిందికి దూరింది. ఇరుసును రాయితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టింది. రాజు నవ్వాపుకోలేకపోయాడు. అప్పుడు ఒంటికి అంటిన దుమ్ము దులుపుకుని, చిటికెడు పసుపు తెప్పించి, తన చేత్తో తానే ఒక్క బొట్టు పెట్టింది.

"ఇప్పుడు శుభం" అంది.

రాత్రీ పగలూ తోలి, కుప్పంతా నగరం చేర్చారు ఆమె, కర్రెద్దు. ఆఖరి బస్తా దింపుతుండగా తొలి చినుకు పడింది. ఇంటి అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న సింహాద్రి ఆ చినుకులోకి చేయి చాపాడు. చాలా ఏళ్ళ తర్వాత అతనికి వాన ముద్దొచ్చింది.

ఆనాటి నుంచి ఆ రాజ్యంలో బండికి పసుపు అమ్మేవాడు పూయడు. కొన్నవాళ్ళే పూసుకుంటారు, అదీ ఇరుసు కడిగి చూసుకున్నాక. 'అనుమానాల నూకాలు' అని పిలవడం మాత్రం ఊరు మానలేదు. కాకపోతే, బండి కొనబోయే ప్రతివాడూ ముందు ఆమె ఇంటికొచ్చి "ఒక్కసారి వచ్చి చూసిపెట్టవా అమ్మా" అని బతిమాలేవాడు.

కథ బండెక్కి తన దారిన వెళ్ళిపోయింది, మనకు దింపి వెళ్ళిన మూట ఇది: చూసి కొనడం కొనేవాడి తెలివి, చెప్పి అమ్మడం అమ్మేవాడి ధర్మం, ఆ ధర్మం తప్పినవాణ్ణి నిలదీసి అడగడం మోసపోయినవాడి హక్కు.