ఎండలో వచ్చిన ఏరు

అనగనగా ఒక ఇసక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో బాలగురవయ్య అని ఒక నేతగాడు ఉండేవాడు. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే నేను చెప్పను.

ఆ గురవయ్యకి వానంటే పిచ్చి. తడవడం కాదే, కొలవడం. మిద్దె మీద ఒక రేకు డబ్బా పెట్టాడు. రోజూ పొద్దున్నే ఎక్కి, డబ్బాలో పుల్ల ముంచి, ఎంతవరకు తడిసిందో చూసి పుస్తకంలో రాసుకునేవాడు. గాలి ఎటు వీచిందో, మబ్బు ఏ రంగులో ఉందో, అదీ రాసేవాడు. వాన పడని రోజు కూడా వదిలేవాడు కాదు, 'వాన లేదు' అని రాసేవాడు. మగ్గం మీద కంటే మిద్దె మీదే ఎక్కువుంటాడని పెళ్ళాం సణిగేది. ఎవరూ అడిగింది లేదు, ఎవరికీ చూపించేదీ లేదు, అదో సరదా ఆయనకి.

అలా ఇరవై ఏళ్ళు రాశాడు. ఆ తర్వాత ఒకసారి ఊరంతా మిరపకాయలు ఆరబోశారు. గురవయ్య పుస్తకం తిరగేసి, ఇలా మూడు సాయంత్రాలు తూర్పుగాలి తోలినప్పుడల్లా నాలుగోనాడు వాన పడింది, కాయలు ఎత్తుకోండి అన్నాడు. ఎత్తుకున్నవాళ్ళవి మిగిలాయి, నవ్వినవాళ్ళవి కుళ్ళిపోయాయి.

అప్పుడు ఒక పెళ్ళి వచ్చింది. మబ్బు నల్లగా కమ్మితే పెళ్ళివాళ్ళు పందిరి పీకబోయారు. ఇది కురిసే మబ్బు కాదని గురవయ్య ఆపాడు. చుక్క పడలేదు. ఇక చూడు, ఆయన్ని అడక్కుండా ఊళ్ళో ఒక్కరూ బట్టలు కూడా ఆరేసేవాళ్ళు కాదు. ఆయనకీ కాస్త గర్వం వచ్చింది. రాదూ మరి.

మూడోది పోలమ్మ సంగతి. పాపం, ఆమె మొగుడు పోయాడు. ఓబులమ్మ అని ఏడేళ్ళ కూతురు. ఎండాకాలం ఏరు ఎండిపోతే పోలమ్మ ఇసకలో చెలమ తవ్వి, కుండతో నీళ్ళు పోసి కర్బూజా పాదులు పెంచేది. ఆ ఏడు విరగకాశాయి. ఇంకో మూడు రోజులు ఆగితే పండుతాయి. ఈలోగా వానొచ్చి ఏరు పారితే అంతా పోతుంది. అందుకని వెళ్ళి అడిగింది.

"అన్నా, పచ్చివైనా ఇవాళే కోసెయ్యనా, ఆగనా?"

గురవయ్య పుస్తకమంతా చూశాడు. ఇరవై ఏళ్ళలో ఆ నెలలో వాన పడ్డ రోజే లేదు. "ఆగమ్మా. వాన రాదు. నాది పూచీ," అన్నాడు.

ఆమె ఆగింది. మూడో రోజు మధ్యాహ్నం మాడు పగిలే ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. పోలమ్మ ఏటి నడుమ కాయలు కోస్తోంది. ఓబులమ్మ ఒడ్డున బుట్టల దగ్గర కూర్చుంది. అప్పుడు ఏరొచ్చింది. ఎర్రటి నీళ్ళు, మనిషెత్తున, ఆ ఎండలోనే వచ్చాయి. పోలమ్మ తలెత్తేసరికే మీద పడ్డాయి. ఇంకేం చెప్పను తల్లీ, ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు.

ఉండు, కాసిని మంచినీళ్ళు తాగనీ.

ఊళ్ళో ఎవరూ గురవయ్యని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకి ఎక్కువ బాధయింది. మర్నాడు మిద్దె ఎక్కాడు. డబ్బా పొడిగా ఉంది. ఇంకేం రాస్తాడు, 'వాన లేదు' అనే రాశాడు. రాసి, ఏడ్చాడు.

ఆ తర్వాత ఓబులమ్మ ఆయన దగ్గరికి వచ్చింది. కోపంగా కాదు, తెలియకే అడిగింది. "మామా, వాన రాలేదు గదా. మరి మా అమ్మని తీసుకుపోయిన నీళ్ళు యాడివి?"

గురవయ్య ఇన్నేళ్ళూ తన మిద్దె మీది ఆకాశమే చూశాడు గానీ, ఏరు ఎక్కడ పుడుతుందో ఒక్కనాడూ చూడలేదు. అప్పుడు డబ్బా చంకన పెట్టుకుని ఏటి వెంబడే పైకి నడిచాడు. మొదటి ఊళ్ళో చినుకు పడలేదన్నారు. రెండో ఊళ్ళోనూ అదే మాట. మూడోది కొండ కింది పల్లె. అక్కడ మేకలు కాసే ఈరమ్మ అనే ముసలామె, ఆ రోజు తెల్లవారుజామున కొండ మీద కుండపోతగా కురిసిందనీ, తన మేకలూ రెండు కొట్టుకుపోయాయనీ చెప్పింది.

"మా వాన మీ ఊరిదాకా వస్తాదని మాకెవురు జెప్పినారు నాయనా," అంది.

గురవయ్య డబ్బాకి ఎర్రగీత పెట్టి ఆమె చేతికిచ్చాడు. నీళ్ళు ఆ గీత దాటితే డప్పు కొట్టించమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. అది విని కింది ఊరు, దాన్ని విని ఆ కింది ఊరు, వరసగా డప్పు కొట్టాలని దారిలో ఊళ్ళవాళ్ళనీ ఒప్పించాడు. అప్పట్నుంచి ఎవరైనా వాన సంగతి అడిగితే, మన ఊళ్ళో మాట చెప్తాను, పైన మాట డప్పునడగండి అనేవాడు.

నాలుగేళ్ళకి ఒక ఎండాకాలం, ఏట్లో పదిమంది పాదుల దగ్గర ఉండగా డప్పు మోగింది. అందరూ కాయలు వదిలేసి ఒడ్డెక్కారు. ఆ తర్వాత ఏరొచ్చి, ఖాళీ ఇసక మీదుగా పోయింది. ఒక్కరికీ ఏమీ కాలేదు. జనం గురవయ్యకి దండాలు పెట్టారు.

ఓబులమ్మ మాత్రం పెట్టలేదు. అప్పటికి దానికి పదకొండేళ్ళు. నీళ్ళ వంకే చూస్తూ ఏడ్చింది. గురవయ్య వెళ్ళి దాని పక్కన కూలబడ్డాడు.

"ఈ డప్పు ఆ పొద్దే ఉండుంటే, మా అమ్మ కూడా ఒడ్డెక్కేది గదా మామా," అంది.

"ఎక్కేదమ్మా," అన్నాడు గురవయ్య. అంతకంటే ఏమంటాడు.

కథేమో నడిచింది కంచికి,
నిద్రేమో వచ్చింది కంటికి,
ఏరేమో పోయింది సంద్రానికి,
అమ్మమ్మ చెయ్యేమో నీ వీపుకి.