ముళ్ళతాతకి ఇచ్చేస్తా!

తుమ్మలకోన అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, జింకలు, అడవికోళ్ళు ఇరుగుపొరుగుగా బతికేవి. అడవి మధ్యలోంచి ఒక వాగు పారేది. వాగుకి ఇవతలి ఒడ్డున, రాళ్ళ గుహలో, జడలమ్మ అనే ఎలుగుబంటి కాపురం ఉండేది. ఆమెకి ఒక్కగానొక్క కొడుకు. ఒళ్ళంతా దట్టమైన జుట్టు కాబట్టి వాడిని అందరూ గుబురు అని పిలిచేవారు.

అవతలి ఒడ్డున ఒక బొరియలో ముసలి ముళ్ళపంది ఉండేవాడు. అడవిలో పిల్లలందరికీ ఆయన ముళ్ళతాత. నడుస్తుంటే వీపు మీది ముళ్ళు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. తాత తవ్వితే తియ్యదుంప దొరుకుతుంది. దొరికితే ఆయన ఒక్కడే తినడు.

గుబురు ఇంకా వాగు దాటేంత పెద్దవాడు కాలేదు. తాతని వాడు దూరం నుంచి చూడటమే.

గుబురుకి ఒక అలవాటుంది. తిండి బుగ్గన పెట్టుకుంటాడు. పొద్దున్నే జడలమ్మ చెదలపుట్ట తవ్వి, ముద్ద చేసి నోట్లో పెడితే, ఎండెక్కేవరకూ అది ఆ బుగ్గలోనే ఉంటుంది. "మింగరా" అంటే తల ఊపుతాడు. "మింగావా?" అంటే మళ్ళీ ఊపుతాడు. నోరు తెరవమంటే మాత్రం పెదాలు బిగించి ఆకాశంలోకి చూస్తాడు.

జడలమ్మ పాటలు పాడింది. పిట్టల్ని చూపించింది. "ఈ ముద్ద అమ్మకి, ఈ ముద్ద నాన్నకి" అని బతిమాలింది. అమ్మ ముద్ద ఒక బుగ్గలోకి, నాన్న ముద్ద ఇంకో బుగ్గలోకి చేరాయి. ఒక్కటీ గొంతు దిగలేదు. అప్పటికి జడలమ్మ తను ఏమీ తిననేలేదు. ఆ అవస్థ పిల్లలకి తిండి పెట్టినవాళ్ళకే తెలుస్తుంది.

ఒకరోజు అలా బతిమాలుతుండగా అవతలి ఒడ్డున గలగలమని చప్పుడైంది. గుబురు ఉలిక్కిపడ్డాడు. ఆ కంగారులో ముద్ద గుటుక్కున దిగిపోయింది.

జడలమ్మ కళ్ళు మెరిశాయి.

"విన్నావా? వాడే ముళ్ళతాత! మింగని పిల్లల్ని ముళ్ళకి గుచ్చుకుని బొరియలోకి పట్టుకుపోతాడు. తింటావా, ఇచ్చెయ్యనా?"

గుబురు తిన్నాడు. గబగబా తిన్నాడు. నోరు తెరిచి చూపించాడు కూడా.

ఇక జడలమ్మకి పట్టపగ్గాలు లేవు. నీళ్ళలో దిగి ఒళ్ళు కడుక్కోనంటే ముళ్ళతాత. మధ్యాహ్నం పడుకోనంటే ముళ్ళతాత. తేనె కోసం తిరిగి తిరిగి వచ్చిన నాన్న ఎలుగుబంటి కూడా ఈ కిటుకు నేర్చుకున్నాడు. కాళ్ళు చాపుకుని, "నాన్న కాసేపు కునుకు తీస్తాడు. చప్పుడు చేశావో, ముళ్ళతాతకి ఇచ్చేస్తా!" అనేవాడు. గుహలో ఎంత నిశ్శబ్దమో! పిల్లాడు ఎంత బుద్ధిమంతుడో!

పక్క చెట్టు మీద తోకమ్మ అనే కొండముచ్చు తన కూతురికి చిగుళ్ళు తినిపిస్తూ ఉండేది. ఆ పిల్ల ఒక ఆకు తినేది, రెండు ఆకులు కింద పడేసేది, మధ్యలో "ఆకుకి కళ్ళుంటాయా అమ్మా?" అని అడిగేది. తోకమ్మ జవాబు చెప్పేది, మళ్ళీ ఆకు అందించేది.

జడలమ్మ నవ్వింది. "ఏం వదినా, తెల్లారి మొదలుపెట్టావు, ఇంకా అవలేదా? మావాడు చూడు, రెప్పపాటులో తినేస్తాడు. పెంచడం తెలియాలి."

"తింటున్నాడు, నిజమే. కానీ ఆ ముసలాయన ఏం పాపం చేశాడు వదినా? పిల్లాడి మనసులో ఆయన దెయ్యమైపోయాడు కదా."

"ఆయనకేం తెలుస్తుంది? నా బిడ్డ కడుపు నిండుతోంది. నాకదే చాలు."

తోకమ్మ కూతురి వైపు తిరిగి ఇంకో ఆకు అందించింది. జడలమ్మకి తన తెలివి మీద అంత నమ్మకం ఉన్నప్పుడు ఏం చెప్పి ఏం లాభం?

కొన్నాళ్ళకి ముళ్ళతాత ఒక తియ్యదుంపని నోట కరుచుకుని, వాగులోని రాళ్ళ మీదుగా మెల్లగా ఇవతలికి వచ్చాడు. కొత్తగా నడక నేర్చిన పిల్లలకి దుంప తెచ్చివ్వడం ఆయనకి సరదా. గుబురు ఆయన్ని చూడగానే కెవ్వుమని అరిచి, వాళ్ళమ్మ కడుపు కింద దూరాడు. ఎంత పిలిచినా బయటికి రాలేదు.

తాత ముఖం చిన్నబోయింది. దుంపని గుహ ముందు పెట్టాడు. "అమ్మాయ్, నన్ను చూస్తే వీడెందుకే అంతలా వణుకుతున్నాడు?"

"కొత్త ముఖం కదా తాతా, భయపడ్డాడు" అంది జడలమ్మ, నేల చూపులు చూస్తూ.

"కొత్త ముఖమా! నువ్వు ఇంత పిల్లగా ఉన్నప్పుడు నీకు చెదలపుట్ట ఎక్కడుంటుందో చూపించింది నేనే కదే" అన్నాడు తాత. దుంపని అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఆ రోజు ముళ్ళు చప్పుడు చెయ్యకుండా ఒదిగి నడిచాడు. జడలమ్మ అది గమనించింది. గమనించి కూడా, మర్నాడు మళ్ళీ అదే మాట చెప్పి తినిపించింది. ఏం చేస్తుంది, సులువైన దారి అలవాటైపోయింది.

వానాకాలం వచ్చింది. ఒక ఉదయం గుబురు బుగ్గన ముద్ద పెట్టుకుని గుహ బయట కూర్చున్నాడు. జడలమ్మ లోపల పని చూసుకుంటూ, "మింగకపోతే వచ్చేస్తాడు మరి!" అని కేకేసింది. అదే సమయానికి గాలి వీచి, పొదలో ఎండుకాయలు గలగలలాడాయి.

గుబురు వెనక్కి చూడలేదు. పరుగే పరుగు. అడ్డమొచ్చిన వాగులోకి దిగి, రాళ్ళ మీద గెంతుకుంటూ పోయి, మధ్యలో ఉన్న పెద్ద బండ వెనక దాక్కున్నాడు.

కొండ మీద అప్పటికే పెద్ద వాన పడింది. వాగు ఎర్రగా పొంగింది. చూస్తుండగానే వాడు గెంతుకుంటూ వచ్చిన రాళ్ళన్నీ మునిగిపోయాయి. వాడు బండ మీదికి ఎక్కాడు. బండ కూడా కొంచెం కొంచెంగా మునుగుతోంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. గాలికి కూలిన ఒక చెట్టు మాను ఆ బండకీ, అవతలి ఒడ్డుకీ మధ్య పడి ఉంది.

అవతలి ఒడ్డున ముళ్ళతాత పిల్లాణ్ణి చూశాడు. వడివడిగా మాను దగ్గరికి వచ్చాడు. "నాయనా, భయం లేదు. ఈ మాను మీద నడిచి నా దగ్గరికి వచ్చెయ్!"

గుబురు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రా బాబూ, నీళ్ళు పెరుగుతున్నాయి!"

గుబురు ఇంకో అడుగు వెనక్కి వేశాడు. వాడి వెనక సుడులు తిరుగుతున్న వాగు.

అప్పటికి జడలమ్మ ఇవతలి ఒడ్డుకి పరుగెత్తుకొచ్చింది. నీళ్ళలోకి దిగబోతే ప్రవాహం ఆమెని ఒడ్డుకి విసిరికొట్టింది. ఆమె గొంతు చించుకుని అరిచింది. "తాత దగ్గరికి వెళ్ళరా! వెళ్ళరా నాన్నా!"

గుబురు వాళ్ళమ్మ వైపు తిరిగాడు. ఏడుస్తూ, బుగ్గలో ఉన్న ముద్దని బలవంతంగా మింగాడు. నోరు బార్లా తెరిచి చూపించాడు.

"మింగేశానమ్మా! చూడు, మింగేశాను! ఇంకెప్పుడూ బుగ్గన పెట్టుకోను. నన్ను ఆయనకి ఇవ్వకమ్మా!"

ఆ మాట వాగు రెండు ఒడ్డులకీ వినిపించింది. తాతకీ వినిపించింది. పిల్లాడు ఆ రోజు తనని చూసి ఎందుకు వణికాడో ఆయనకి అప్పుడు అర్థమైంది.

"అబద్ధం రా! నేను చెప్పిందంతా అబద్ధం! తాత మంచివాడు!" అని జడలమ్మ మొత్తుకుంది. పిల్లాడు ఏది నమ్ముతాడు? నిన్నటి మాటనా, ఇవాళ్టి మాటనా? వాడు కదల్లేదు.

తాత పక్కకి తిరిగాడు. కేకలు విని కొమ్మల మీదుగా అవతలి ఒడ్డుకి దూకిన తోకమ్మతో, "నువ్వు పిలువమ్మా. నన్ను చూస్తే రాడు" అన్నాడు. ముళ్ళన్నీ ఒంటికి అదిమిపెట్టుకుని పొద వెనక్కి వెళ్ళిపోయాడు.

"గుబురూ, నేనున్నాను రా, కొండముచ్చు అత్తని!" అంది తోకమ్మ. "మా అమ్మాయి నీకోసం నేరేడు పండు దాచింది. మెల్లగా రా."

గుబురు మాను మీద కాలు పెట్టాడు. సగం దూరం వచ్చేసరికి ప్రవాహం తగిలి మాను కదిలింది. ఒక్క క్షణం జారింది. తర్వాత, ఎవరో పట్టి ఆపినట్టు ఆగిపోయింది. గుబురు మిగతా దూరం పాక్కుంటూ వచ్చి తోకమ్మ ఒడిలో పడ్డాడు.

ఎవరు పట్టి ఆపారో ఇవతలి ఒడ్డున నిలబడ్డ జడలమ్మకి పొద సందుల్లోంచి కనిపించింది. పొద వెనక, మాను చివర ఉన్న వేరుని పళ్ళతో కరిచిపట్టుకుని, కాళ్ళు బురదలో దిగేసి, ముళ్ళతాత వెనక్కి లాగుతున్నాడు. ఆయన నోటి నుంచి రక్తం కారుతోంది. జడలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. బిడ్డ బతికినందుకు ఏడ్చింది, సిగ్గుతో కూడా ఏడ్చింది.

నీళ్ళు తగ్గాక ఆమె వాగు దాటింది. తాత ముందు తల వంచి నిలబడింది. ఆయన "పిల్లాడు తడిసిపోయాడు, ముందు వాణ్ణి నాకి ఆరబెట్టవే" అన్నాడంతే.

ఇంటికి వెళ్తూ జడలమ్మ, "ఆ మానుని పట్టుకున్నది ఎవరో తెలుసా? ముళ్ళతాత" అంది.

గుబురు ఆగి అడిగాడు. "నిజమా అమ్మా? లేకపోతే ఏదైనా తినిపించడానికి చెబుతున్నావా?"

ఆ ప్రశ్న జడలమ్మని చాలాకాలం వదల్లేదు. తేనె తియ్యగా ఉంటుందన్నా వాడు "నిజమా?" అనేవాడు. నాన్న సాయంత్రానికి వచ్చేస్తాడన్నా "నిజమా?" అనేవాడు. ఆమె ప్రతిసారీ ఓపిగ్గా "నిజం రా" అని చెప్పేది. చెప్పింది నిజమయ్యేలా చూసుకునేది. రోజూ వాడిని తీసుకుని తాత బొరియ దగ్గరికి వెళ్ళేది. తనే ముందు తాత పక్కన కూర్చుని దుంప తినేది. గుబురు దూరంగా పొద చాటు నుంచి చూసేవాడు. రోజూ కొంచెం దగ్గరికి జరిగేవాడు.

ఒకరోజు వాడు బుగ్గలో ముద్దతోనే తాత ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు ఆయన్ని చూశాడు. తర్వాత ఆ ముద్దని బుగ్గలోంచి తీసి తాత చేతిలో పెట్టాడు. "ఇది నువ్వు తిను."

ముళ్ళపందులు చెదలు తినవు. పైగా అది నలిగి నలిగి చల్లారిన ముద్ద. తాత జడలమ్మ వైపు చూశాడు, పిల్లాడి వైపు చూశాడు, నోట్లో వేసుకున్నాడు. ఎంతసేపటికీ గొంతు దిగలేదు.

"మింగావా?" అన్నాడు గుబురు.

తాత తల ఊపాడు.

"ఏదీ, నోరు తెరు!"

తాత పెదాలు బిగించి ఆకాశంలోకి చూశాడు.

గుబురు కిందపడి దొర్లి దొర్లి నవ్వాడు. నవ్వి నవ్వి తాత ఒళ్ళోకి పాకాడు. తాత ముళ్ళన్నీ వెనక్కి వాల్చుకుని చోటిచ్చాడు. జడలమ్మ "జాగ్రత్త" అనబోయి, మానుకుంది.

నీతి: ఒక పూట మాట వినిపించుకోవడానికి మంచివాళ్ళని బూచిగా చూపిస్తే, ఆపద వేళ పిల్లలు ఆ మంచివాళ్ళ దగ్గరికీ వెళ్ళరు, మన మాటా నమ్మరు.