కొమ్మయ్య ఉంటాడా, వెళ్తాడా

తునికికోన ఒక చిన్న అడవి. అందులో దుప్పులు, ఎలుగుబంట్లు, నెమళ్లు, ముంగిసలు, అడవిపందులు, గోరువంకలు కలిసి బతికేవి. వాగుకు అవతల మద్దికొండ అనే పెద్ద అడవి ఉండేది. ఎండాకాలం వస్తే వాగు ఎండిపోయి, రెండు అడవులకూ కలిపి ఒక్క మడుగు మిగిలేది.

ఆ మడుగు నీళ్ల కోసం చాలా కొట్లాటలు జరిగాయి. చివరికి పెద్దలంతా కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏటా వేసవి మొదట్లో రెండు అడవులూ కర్రాబిళ్ల ఆడాలి. గెలిచిన అడవి పొద్దున్నే వచ్చి తేట నీళ్లు తాగుతుంది. ఓడిన అడవి సాయంత్రం దాకా ఆగి, అడుగున మిగిలిన బురదనీళ్లు తాగుతుంది.

ఆట తేలికే. నేల మీది చెక్కబిళ్లను కర్రతో తట్టి పైకి లేపాలి. అది గాలిలో ఉండగానే దూరంగా కొట్టాలి. ఒక్కొక్కరికి మూడు దెబ్బలు. నేల తాకకముందే అవతలివాళ్లు పట్టుకుంటే ఆ దెబ్బ లెక్కలోకి రాదు. అందరి దెబ్బలూ కలిపి ఎవరిది ఎక్కువ దూరం వస్తే వాళ్లది గెలుపు.

తునికికోన తరఫున కొమ్మయ్య అనే కొండముచ్చు ఆడేవాడు. పొడుగాటి చేతులు, సూటి చూపు. అతను కొడితే బిళ్ల ఇప్పచెట్ల మీదుగా ఎగిరి ఎక్కడో పడేది. అతను వచ్చిన దగ్గర్నుంచి తునికికోన ఓడిపోలేదు.

అతని అభిమానుల్లో ఎర్రమ్మ అనే ముంగిస ఒకతె. కొమ్మయ్య రాకముందు ఒక వేసవిలో ఆమె పిల్లలు బురదనీళ్లు తాగి జబ్బుపడ్డారు. ఒక పిల్ల దక్కలేదు. అందుకే కొమ్మయ్య కర్ర ఎత్తిన ప్రతిసారీ ఆమె ఊపిరి బిగబట్టి చూసేది. బిళ్ల ఎగరగానే ఆమె గుండె కూడా దానితోపాటు ఎగిరేది.

ఆ అడవుల్లో ఒక నియమం ఉంది. ఆటగాడు ఒక అడవికి మూడేళ్లు ఆడతానని మాట ఇస్తాడు. ఆ గడువు తీరాక అతను ఎవరికీ కట్టుబడి ఉండడు. ఇకపై ఏ అడవికి ఆడాలో తనే ఆలోచించుకుని, మాఘ అమావాస్య నాడు అందరి ముందూ చెప్పాలి. ఆ ఏడు చలికాలంతో కొమ్మయ్య గడువు తీరిపోయింది.

ఇక తునికికోనలో ఎవరికీ వేరే మాట లేదు.

"నిన్న మద్దికొండ నక్క వచ్చి కొమ్మయ్యతో మాట్లాడిందట," అంది ఒక గోరువంక.

"మాట్లాడటం కాదు, ఒప్పందమే అయిపోయిందట," అంది ఇంకొకటి.

"అతను ఆ నక్క ముఖమే చూడలేదని నేను విన్నాను," అంది మూడోది.

ఒక కబురు వింటే దుప్పులు మేత మానేసేవి. ఇంకో కబురు వింటే గంతులేసేవి. ఎర్రమ్మ కూడా అంతే. కలుగు బయట కూర్చుని, ఏ పిట్ట అటుగా ఎగిరినా ఏం తెలిసిందని అడిగేది. తిన్న తిండి ఒంటికి పట్టడం మానేసింది.

అభిమానులకు పెద్ద పింఛయ్య అనే నెమలి. అతను అందర్నీ పిలిచి ఇలా అన్నాడు.

"మీరు బెంగపడకండి. కొమ్మయ్య నా మాట దాటడు. రోజూ మంచి తునికిపళ్లు ఏరి అతనికి పంపండి. అతని కర్రను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఇంకొకరు సాధన చేస్తున్నారని తెలిస్తే నొచ్చుకుంటాడు."

బొంతయ్య అనే ఎలుగు మెల్లగా అడిగాడు. "ఒకవేళ వెళ్లిపోతేనో?"

"అలాంటి మాట నోట రానివ్వకు," అన్నాడు పింఛయ్య. "అతను లేకపోతే ఆటే లేదు."

అందరూ తలలూపారు. ఎర్రమ్మ కూడా ఊపింది. కానీ కలుగులోకి వెళ్లి నిద్రపోతున్న పిల్లల్ని చూడగానే ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లుగా అందరూ కొమ్మయ్య గురించే మాట్లాడుకుంటున్నారు. కొమ్మయ్యతో మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు.

తెల్లవారగానే ఆమె కొమ్మయ్య ఉండే చెట్టు కిందికి వెళ్లింది. అతను దిగి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కొమ్మయ్యా, వెళ్తావా, ఉంటావా?" అని అడిగింది.

"ఇంకా తేల్చుకోలేదు పిన్నీ. మద్దికొండలో మా అక్కచెల్లెళ్ల గుంపు ఉంది. ఇక్కడ కొండముచ్చుల్లో నేనొక్కణ్ణే. అలాగని మిమ్మల్ని వదిలి వెళ్లాలన్నా మనసు రావడం లేదు."

ఎర్రమ్మకు ఏడుపు వచ్చింది. ఉండిపొమ్మని కాళ్లావేళ్లా పడాలనిపించింది. కానీ నిబ్బరించుకుంది.

"నీ ఇష్టం నీది బాబూ. నిన్ను బతిమాలడానికి రాలేదు. నాకు పిల్లలున్నారు. నువ్వు వెళ్లినా ఉన్నా వేసవి ఆగదు. నువ్వు తేల్చుకునేలోగా మాకు కర్ర పట్టడం నేర్పు."

కొమ్మయ్య ఆమెతో, "పళ్లు తెచ్చినవాళ్లున్నారు గానీ, ఈ మాట అడిగినవాళ్లు లేరు," అన్నాడు. "రేపటి నుంచి రండి."

మొదటి రోజు ఎర్రమ్మ, బొంతయ్య మాత్రమే వెళ్లారు. బొంతయ్య కొట్టిన దెబ్బకు బిళ్ల లేవలేదు, కర్ర విరిగింది. ఎర్రమ్మ తనకంటే బరువైన కర్రను ఎత్తబోయి వెనక్కి పడింది. చెట్ల మీది గోరువంకలు పగలబడి నవ్వాయి. ఆమె దుమ్ము దులుపుకుని మళ్లీ ఎత్తింది.

"బలం చూపించకు మావా," అని కొమ్మయ్య ఎలుగుకు చెప్పాడు. "ముందు బిళ్లను చూడు. అది పైకి లేచి ఆగిన క్షణం కనబడుతుంది. అప్పుడు కొట్టు."

కొన్నాళ్లకు దుప్పులూ వచ్చాయి. కర్రను నోట కరిచి కొట్టడం నేర్చుకున్నాయి. అడవిపందులు పరుగెత్తి బిళ్లను పట్టడం నేర్చుకున్నాయి. చేతులు వాచినా, పళ్లు కదిలినా ఎర్రమ్మ ఎవర్నీ ఊరుకోనివ్వలేదు.

ఇదంతా చూసి పింఛయ్యకు ఒళ్లు మండింది. అతను తన మాట వినే కొన్ని పందుల్ని పోగుచేసి, వాగు దాటే దారికి అడ్డంగా ముళ్లకంప వేయించాడు. "ఇక ఆ నక్క ఎలా వస్తుందో, ఇతను ఎలా పోతాడో చూస్తాను," అన్నాడు.

కొమ్మయ్య ఆ కంపను చూశాడు. చెట్ల మీదుగా దూకి పోగలవాడికి నేల మీది కంప ఒక అడ్డు కాదు. అయినా అతని ముఖం చిన్నబోయింది.

అమావాస్య నాడు అందరూ చేరారు. కొమ్మయ్య లేచి నిలబడ్డాడు.

"నేను మద్దికొండకు వెళ్తున్నాను. మా వాళ్ల దగ్గర ఉండాలని ఉంది. ఇంకో మూడేళ్లు ఇక్కడే ఆడదామని కూడా అనుకున్నాను. కానీ నన్ను ఆపడానికి కంప వేశారని తెలిశాక ఆ ఆలోచన పోయింది. మీరు చూపించిన ప్రేమను మరిచిపోను."

అతను వెళ్లిపోయాడు. దుప్పులు నేల మీద కూలబడ్డాయి. పింఛయ్య, "ఇక ఇక్కడ ఏముంది? గెలిచే చోటుకు పోవడమే తెలివి," అని తనూ వాగు దాటబోయాడు. తన ముళ్లకంపలోనే చిక్కుకుని సగం ఈకలు పోగొట్టుకున్నాడు.

ఎర్రమ్మ కొమ్మయ్య వెళ్లిన దిక్కే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, కర్ర తీసుకుని బొంతయ్య చేతిలో పెట్టింది.

"ఇవాళ కూడానా?" అన్నాడు బొంతయ్య.

"ఇవాళ కూడా," అంది ఎర్రమ్మ. "పొద్దు ఇంకా ఉంది."

వేసవి వచ్చింది. మడుగు పక్కన ఆట మొదలైంది. ముందు మద్దికొండ వంతు. కొమ్మయ్య కొట్టిన మూడు దెబ్బలూ మూడు పిడుగుల్లా పోయాయి. వాటిని అందుకోవడం ఎవరి తరమూ కాలేదు. మద్దికొండ జంతువులు కేకలు వేశాయి. పింఛయ్య ఉన్న ఈకలే విప్పి ఆడాడు.

కానీ మద్దికొండలో మిగతా ఆటగాళ్లెవరూ ఆ ఏడు సాధన చేయలేదు. కొమ్మయ్య ఉన్నాడు కదా అని నీడన పడుకున్నారు. ఇప్పుడు ఆటలో కొందరి కర్ర బిళ్లకు తగలనే లేదు. తగిలినవాటిని తునికికోన పందులు పరుగెత్తి పట్టేశాయి.

తర్వాత తునికికోన వంతు. వాళ్లలో కొమ్మయ్య అంత దూరం కొట్టినవాడు ఒక్కడూ లేడు. బొంతయ్య బిళ్ల ఆగిన క్షణం చూసి కొట్టాడు. అది మైదానం సగం దాకా పోయింది. ఒక్కో దుప్పీ కొంత కొంత కలిపింది. ఒకరి దెబ్బ తప్పితే వెనకవారు ఆ లోటు తీర్చారు. ఎర్రమ్మ తన వంతు కోసం కర్ర పట్టుకుని ముందుకు వచ్చేసరికి పెద్దలు చేయెత్తి ఆట ఆపారు. తునికికోన మొత్తం దూరం అప్పటికే మద్దికొండ దూరాన్ని దాటిపోయింది. ఆమె కొట్టాల్సిన పని లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎర్రమ్మ పిల్లలు తేట నీళ్లలో తమ ముఖాలు చూసుకుంటూ కడుపునిండా తాగారు. మద్దికొండవాళ్లకు సాయంత్రం వంతు వచ్చింది. కొత్తగా వచ్చినవాడు కాబట్టి పింఛయ్య అందరికంటే వెనక నిలబడ్డాడు. అతని దాకా వచ్చేసరికి ముక్కు తడుపుకునేంత బురద మిగిలింది.

ఆ సాయంత్రం ఎర్రమ్మ గట్టు మీద కొమ్మయ్య కోసం కాచుకుని ఉంది.

"నీ రెండో దెబ్బ ఉంది చూడు, అంత అందంగా నువ్వు ఎప్పుడూ కొట్టలేదు," అంది.

"గెలిచింది మీరు కదా పిన్నీ," అన్నాడు కొమ్మయ్య.

"గెలిచాం. అయినా నా కళ్లు నిన్నే చూశాయి," అంది ఎర్రమ్మ. అతని భుజం తట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటికి బయలుదేరింది.

నీతి: గొప్పవాడి మీద ఎంత అభిమానమైనా పెట్టుకోవచ్చు, మన బతుకు బరువు మాత్రం అతని భుజాల మీద పెట్టకూడదు.