నాలుగోసారి వచ్చిన పడవ

కృష్ణ రెండు పాయలుగా చీలే చోట, దక్షిణపు పాయ ఒడ్డున ఇన్నాసి రేవు ఉంది. బస్సు దిగి కరకట్ట మీద మైలు దూరం నడవాలి. ఎండాకాలమైతే గొడుగు మరచిపోకండి, దారిలో నీడన్నది లేదు. రేవు మీద సున్నం వేసిన చిన్న గుడి, అందులో మూరెడు ఎత్తున చెక్క మరియమాత స్వరూపం ఉన్నాయి. ఆ తల్లి ముఖం భక్తుల వైపు కాక నది వైపు ఉంటుంది. "విగ్రహాన్ని తిప్పి పెట్టారేమిటమ్మా?" అని అడిగేవారికి చెప్పి చెప్పి గుడి ఊడ్చే ఆరోగ్యమ్మకు నోరు నొప్పి పుట్టింది. ఈ చిన్న పుస్తకం అందుకోసమే.

ఇంకో మాట ముందే చెప్పాలి. కొందరు 'పునీత ఇన్నాసివారి రేవు' అంటూ కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఈ ఇన్నాసి పునీతుడు కాడు, పడవవాడు. పునీతుడంటే ఆయనే ముందు నవ్వేవాడు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఎదుటి లంకకు మనుషులను దాటించే పడవ ఒకటి, దాన్ని నడిపే ఇన్నాసి, అంతే. ఈ కథలోని వరదకు మూడేళ్ల ముందు ఆయన కొత్త పడవ కట్టేసిన చోటనే కాలి బూడిదైంది. లంకలో దోసతోట వేసే చిన్నప్పే తగలబెట్టాడని ఊరంతా అంది. చూసినవాడు ఒక్కడూ లేడు. చిన్నప్ప ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. వరసకు బావ, బావమరిది అయిన ఆ ఇద్దరికీ ఆనాటి నుంచి మాటల్లేవు. నెలకొకసారి చర్చి గురువుగారు వచ్చినప్పుడల్లా ఇన్నాసి పాపసంకీర్తనంలో ఒకే పాపం చెప్పేవాడు: "పగ పెట్టుకున్నాను స్వామీ." ఇచ్చిన ప్రాయశ్చిత్తం కళ్లనీళ్లతో చేసేవాడు. తీరా బయటికొచ్చి చిన్నప్ప ముఖం చూడగానే ఒళ్లు భగ్గున మండేది. ఏడ్చిన ఇన్నాసి నిజమా, మండిన ఇన్నాసి నిజమా? పాపం, ఆయనకే అంతుపట్టేది కాదు.

అలా ఉండగా ఒక శ్రావణమాసంలో, ఆదివారం పొద్దున్నే, నది లంక మీదికి ఎక్కింది. అందరూ ముందురోజే దాటి వచ్చేశారు. చిన్నప్ప మాత్రం తన కోడెదూడను వదల్లేక ఉండిపోయాడు. తెల్లవారేసరికి ఆయన తోటలోని మంచె మీద ఉన్నాడు, దూడ మంచె గుంజకు కట్టి ఉంది, నీళ్లు దాని మెడ దాకా వచ్చాయి. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడింది. పడవ చూస్తే ఒక్కటే.

ఎవరూ అడగకముందే ఇన్నాసి కట్టుతాడు విప్పాడు. అందరూ శభాష్ అన్నారు. నడి ఏటికి వెళ్లేసరికి ఆయన మనసులో ఒక మాట పుట్టింది: 'నేను మునిగితే నా పిల్లల గతేమిటి?' తండ్రి అనుకోవలసిన మాటే. పడవ వెనక్కి తిప్పాడు. ఒడ్డు తగలగానే సిగ్గేసింది. ఇంతకన్నా పెద్ద వరదలో కూలికి జనాన్ని దాటించినప్పుడు ఈ పిల్లలు గుర్తుకు రాలేదే! మళ్లీ బయలుదేరాడు. ఈసారి పుట్టిన మాట ఇంకా భక్తిగా ఉంది: 'ఇది దేవుడి తీర్పు కాదని ఎవరు చెప్పగలరు? అడ్డుపడడానికి నేనెవణ్ణి?' సైతాను కొమ్ములతో వస్తే గుర్తుపట్టవచ్చు, జపమాల పట్టుకుని వస్తే ఏం చేస్తాం! రెండోసారీ తిరిగి వచ్చాడు.

మూడోసారి ఏ ఆలోచనకూ చోటివ్వకూడదని మంగళవార్త జపం చెప్పుకుంటూ వెళ్లాడు. జపం మధ్యలో, నోరు తల్లి పేరు పలుకుతూ ఉండగానే, చేతులు పడవను తిప్పేశాయి. అప్పుడు ఆయనకు నిజంగా భయం వేసింది.

ఒడ్డున, ఊళ్లో జపాలు చెప్పించే ఉపదేశి అంతోనయ్య తన ఇంట్లోని మరియమాత స్వరూపాన్ని తెచ్చి, నది వైపు తిప్పి గట్టు మీద ఉంచాడు. ఇన్నాసి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఉపదేశి గారూ, పోదామనేది నేనే, వద్దనేది నేనే. ఇందులో నేనెవరిని?"

"నాకేం తెలుసురా?" అన్నాడు అంతోనయ్య. "పొద్దున్నుంచి నీకు వెళ్లమని చెబుదామనీ, నీకేమైనా అయితే నీ పెళ్లాం నన్నే తిడుతుందనీ, నోరు తెరవడం మూయడం, ఇదే నా పని. తల్లిని తెచ్చి పెట్టాను. అంతకు మించి నాకూ చేతకాలేదు."

ఉపదేశికే తెలియనప్పుడు ఇంకెవరిని అడగాలి! ఇన్నాసి లేచి నాలుగోసారి పడవ ఎక్కాడు. మనసు కుదుటపడి కాదు. వెనక్కి తిప్పమని అది దారి పొడవునా పోరుతూనే ఉంది. దానితో పోట్లాడుతూ, దాన్ని తిడుతూ, మంచె దాకా వెళ్లాడు.

దూడ లేదు. ఇక పడవ రాదనుకుని, ఈదుకుని బతుకుతుందేమోనని చిన్నప్ప మూడోసారి తర్వాత తాడు కోసేశాడు. ఏరు దాన్ని తీసుకుపోయింది. ఆయన పడవలోకి దిగి కూర్చున్నాడు.

"నువ్వు చావాలనుకున్నానురా," అన్నాడు ఇన్నాసి. "మూడుసార్లు వెనక్కి పోయాను."

"చూస్తూనే ఉన్నాను బావా. మూడుసార్లు వెనక్కి పోయావు. నాలుగుసార్లు నా వైపు వచ్చావు." చిన్నప్ప తల వంచుకున్నాడు. "నీ పడవ కాల్చింది నేనే. మూడేళ్లలో ఒక్కసారి కూడా నీ గుమ్మం దాకా రాలేకపోయాను."

ఇన్నాసి తెడ్డు పైకెత్తాడు. దేనికి ఎత్తాడో, నీళ్లలో వేయడానికో చిన్నప్ప నెత్తిన వేయడానికో, తనకే తెలియదని ముసలితనంలో కూడా చెప్పేవాడు. చాలాసేపటికి అది నీళ్లలో పడింది.

"అక్కడ రెండో తెడ్డు ఉంది, అందుకో," అన్నాడు. "ఒక్కడి వల్ల కావడం లేదు."

వరద తీశాక, స్వరూపం ఉన్నచోటనే ఊరివారు గుడి కట్టారు. తల్లిని ఇటు తిప్పుదామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఇప్పటికీ శ్రావణంలో జరిగే తిరునాళ్లకు, మాటల్లేని ఇద్దరిని ఒక పడవలో కూర్చోబెట్టి చెరొక తెడ్డు ఇస్తారు. లంక దాకా వెళ్లి రావాలి. ఒకరు ఆపితే పడవ ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. వారు వచ్చేదాకా దివ్యబలిపూజ మొదలుకాదు. ఇక్కడ మొక్కుకుంటే లోపలి పోరు చప్పున ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అయినా రండి.

నిరుడు ఇద్దరు తోడికోడళ్లు ఎక్కారు. ఆరుసార్లు సగం నుంచి తిరిగి వచ్చారు. మధ్యాహ్నం దాటింది, విందు అన్నం చల్లారిపోయింది, గురువుగారు ఓపిగ్గా కూర్చున్నారు. ఏడోసారి వెళ్లి వచ్చారు. వచ్చాక కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దిగేటప్పుడు చిన్నామె కాలు జారితే పెద్దామె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలాలో వద్దో తెలియక, మోకాలి లోతు నీళ్లలో ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.