చిలకదుర్గం మగ్గాలశాలకు వచ్చిన కొత్త యంత్రం

చిలకదుర్గం కొలువులో పేరయ్యకు ఒక గొప్ప గుణం ఉండేది. తనకు బొత్తిగా తెలియని సంగతి అడిగినా సరే, ఎవరినీ ఉత్త చేతులతో పంపేవాడు కాదు. ఏనుగుకు అజీర్తి చేస్తే మందు చెప్పేవాడు. వంటశాలలో పాలు విరిగితే జాతకం చెప్పేవాడు. అది గర్వమని గిట్టనివాళ్లు అనేవారు. దానగుణమని పేరయ్య అనుకునేవాడు. బడి గుమ్మం ఎక్కకుండా చదువుకున్నవాడికి ఆ మాత్రం దానగుణం లేకపోతే కొలువులో బతుకు గడవదు.

ఒకనాడు ముకుందరాజుకు కొత్త సరదా పుట్టింది. పొరుగు రాజ్యాల్లో ఇప్పుడు కొత్త పదవి ఒకటి వెలిసిందని, అందులో ఉన్న పెద్దమనిషి వ్యాపారాన్ని పెంచుతూ, పాత పనిముట్లు తీసేసి కొత్త యంత్రాలు పెట్టిస్తూ ఉంటాడని ఓడవర్తకుడొకడు చెప్పిపోయాడు. పొరుగువాడికి ఉన్నది తనకు లేదంటే రాజుకు అన్నం సహించదు. వారం తిరక్కుండా పదవికి పేరు పెట్టేశాడు: వృద్ధి ప్రగ్గడ, అంటే పెంపుదల మంత్రి. దానికో ఆసనం, వెండి పిడి గొడుగు తయారయ్యాయి. ఆ పెద్దమనిషి పొద్దున్నే లేచి ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ గొడుగు కిందికి ముందుగా దూరినవాడు రంగధాముడు. ఏడు రేవులు తిరిగివచ్చానని చెప్పుకునే మనిషి. రాజు తన మగ్గాలశాలను అతనికి పక్షం రోజులు అప్పగించి, ముందు పెంచి చూపించు, తర్వాత పదవి ఖాయం చేస్తానన్నాడు.

శాలలో నలభై గుంట మగ్గాలు. నేతగాళ్లు నేలలో తవ్విన గుంటల్లోకి కాళ్లు దించుకుని కూర్చుని నేస్తారు. రోజుకు ఇరవై పంచెలు దిగేవి. రంగధాముడు గుమ్మానికి గంట కట్టించాడు. మూల నీటి గడియారం పెట్టించాడు. జాముకు రెండుసార్లు గొడుగుతో, నలుగురు లేఖకులతో శాలంతా తిరిగి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎవరి చేతిలో ఎంత చురుగ్గా పోతోందో రాయించాడు. పక్షం తిరిగేసరికి పంచెలు పన్నెండుకు పడిపోయాయి.

రంగధాముడు తొణకలేదు.

"రేవుల్లో అయితే ఇలాంటి సోమరులను గుమ్మం ఎక్కనివ్వరు ప్రభూ. సగం మందిని పంపేయండి. ఆ చోట నీటిచక్రంతో నడిచే మగ్గాలు తెప్పిస్తాను."

రాజు తల ఊపబోయాడు. ఊపితే ఇరవై ఇళ్లలో పొయ్యి ఆరుతుంది. పేరయ్యకు మగ్గం గురించి ఒక్క ముక్క తెలియదు. అందుకే అందరికంటే ముందు లేచి, తనకో పక్షం ఇస్తే ఒక్కణ్ణీ తీయకుండా రోజుకు ఇరవై పంచెలు దాటిస్తానన్నాడు. దాటకపోతే ఆ ఇరవై మందితో పాటు పేరయ్య కూడా కోట దాటాలన్నాడు రంగధాముడు. రాజు దీనికి మాత్రం నిండుగా తల ఊపాడు.

కొలువు ముగిశాక పేరయ్య నేరుగా బయల్దేరాడు. శాలకు పోయి, ఎల్లమంద అనే ముసలి నేతగాణ్ణి పంచెలు ఎందుకు తగ్గాయని అడిగాడు. ఎల్లమంద నాడె పక్కన పెట్టాడు. మోకాళ్లు పట్టుకుని గుంటలోంచి పైకి వచ్చాడు. తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకుని, వంగి దణ్ణం పెట్టాడు. అతనితో పాటు తక్కిన ముప్పై తొమ్మిది మందీ లేచారు. కొలువు మనిషి ముందు నేతగాడు కూర్చోకూడదట. తాతలనాటి మర్యాదట.

పేరయ్య కూర్చోమన్నాడు. కూర్చున్నారు. మళ్లీ అడిగాడు. మళ్లీ లేచారు. ఈసారి ఎల్లమంద కాలు తగిలి నాలుగు పోగులు తెగాయి.

"ఇంకో రెండు ప్రశ్నలు అడిగారంటే అయ్యగారూ, ఈ పంచె మా మనవడు పూర్తి చేయాలి," అన్నాడు ఎల్లమంద.

పేరయ్య అక్కణ్ణుంచి కమ్మరి కొలిమికి పోయి, జానెడు ఇనుము కావాలన్నాడు.

మర్నాటి నుంచి శాల తలుపులు మూతపడ్డాయి. బయట అరుగు మీద పేరయ్య తమలపాకులు నములుతూ కూర్చున్నాడు. లోపల కొత్త యంత్రం నడుస్తోందని, తలుపు తీస్తే ఆగిపోతుందని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. రంగధాముడికి చెప్పాడు. సేనాపతి బావమరిదికి చెప్పాడు. అతిథులను వెంటేసుకొచ్చి మగ్గాలు చూపించి మురిసిపోయే అలవాటున్న రాజుకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ రాజు వెనక్కి మళ్లాడు.

పక్షం ఆఖరి రోజున ఇరవై ఎనిమిది పంచెలు దిగాయి. ఆ యంత్రం చూడాలని రాజు కొలువునంతా వెంటబెట్టుకుని వచ్చాడు. తలుపులు తెరిచారు. లోపల అవే గుంటలు, అవే మగ్గాలు. నలభై మందీ లేచి దణ్ణం పెట్టారు.

రంగధాముడు మూలమూలా వెతికాడు. "చక్రం లేదు, కప్పీ లేదు. యంత్రమేదయ్యా?"

పేరయ్య తలుపును ఇటు తిప్పి చూపించాడు.

"గొళ్లెం. లోపలి వైపు బిగించాను."

ఎవరో ఒకరు గుమ్మం తొక్కినప్పుడల్లా నలభై మంది లేస్తున్నారని, పోగులు తెగుతున్నాయని, అతుక్కుంటూ కూర్చునేసరికి ఇంకొకరు వస్తున్నారని విప్పి చెప్పాడు. రంగధాముడు రోజుకు ఎనిమిదిసార్లు వచ్చి పని పెంచాడు కాబట్టే పంచెలు తగ్గాయన్నాడు.

రాజు లెక్క చూసుకున్నాడు. "ఈయన రాకముందు కూడా ఇరవయ్యే కదయ్యా దిగేవి. పైన ఎనిమిదీ ఇన్నాళ్లూ ఎవరు ఆపినట్టు?"

కొలువంతా నేల చూపులు చూసింది.  పేరయ్య నోట్లోని తమలపాకు మింగి, చేతులు కట్టుకున్నాడు.

"ఈ యంత్రానికి మర్యాద తెలియదు ప్రభూ. మూడుసార్లు వెనక్కి మళ్లిన మనిషి ఎవరో కూడా అది చూడలేదు."

 ముందు ఎల్లమంద నవ్వాడు. అది చూసి రాజు నవ్వాడు. రాజు నవ్వాక కొలువంతా ధైర్యంగా నవ్వింది. ఒక్క నేతగాణ్ణీ కదిలించరాదని, పని వేళ గొళ్లెం తీయమని తాను అడిగినా తీయరాదని రాజు అక్కడికక్కడే ఆజ్ఞ వేసి, ఆనాటి పంచెల్లో అంచు మెరిసేది తీసి పేరయ్య భుజాన కప్పి, వృద్ధి ప్రగ్గడవి నువ్వేనన్నాడు.

పన్నెండేళ్లుగా పేరయ్య ఆ పదవిలోనే ఉన్నాడు. సెలవు రోజుల్లో ఎల్లమంద పక్క గుంటలో కూర్చుని నేత నేర్చుకోవాలని తంటాలు పడుతుంటాడు. తెగిన పోగు అతకడం మాత్రం ఇప్పటికీ రాలేదు.